మూడు నిద్రలు కాశీలో, మిగతావి గయ దారిలో

కాశీ వెళ్తే తొమ్మిది నిద్రలు చెయ్యాల్సిందేనని మా అమ్మ పట్టు. నాకు దొరికిన సెలవు పది రోజులు. అందులో రానూపోనూ రెండు పోతే మిగిలింది ఎనిమిది. నాన్న సంవత్సరీకాలు కార్తీకంలో అయిపోయాయి, గయలో ఆయనకి పిండం పెట్టి రావాలి. అసలు పని అదే. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని సారనాథ్, బోధ్‌గయ, రాజగిర్, నలందా నేనే నెమ్మదిగా లిస్టులో కలిపాను.

"అవి మనవి కావు కదరా" అంది అమ్మ.

"అమరావతిలో పుట్టిన నువ్వే ఆ మాటంటే ఎలాగే?" అన్నాను.

అమ్మమ్మ వాళ్ళది అమరావతి. అమరేశ్వరుడి గుడికీ, స్తూపం దిబ్బకీ మధ్య ఆడుకుంటూ పెరిగింది అమ్మ. 2006 జనవరిలో దలైలామా అక్కడికి కాలచక్రం అనే బౌద్ధ పూజకి వచ్చినప్పుడు అమ్మమ్మ మేడ మీద గదులు టిబెటన్లకి అద్దెకిచ్చింది. వాళ్ళు పొద్దున్నే కాచుకునే ఉప్పు టీ గురించి అమ్మ ఇప్పటికీ కథలు చెబుతుంది. ఆ మాట గుర్తు చేసేసరికి మెత్తబడింది. పిన్ని మాత్రం ఎవరూ పిలవకుండానే బయల్దేరింది. 2003లో బాబాయితో ఒకసారి వెళ్ళిందట, "అప్పుడు ఆయన ఏదీ సరిగ్గా చూడనివ్వలేదు" అని ఫిర్యాదు.

డిసెంబరు 4, బుధవారం: కాశీ సందులు

సోనార్‌పురా దగ్గర టోటో దిగాం. బ్యాటరీ ఆటోని అక్కడ టోటో అంటారు. బస కేదార్‌ఘాట్ దగ్గర. నడిచేది పది నిమిషాలే అని ఫోన్లో మ్యాప్ చెప్పింది. కాశీ సందుల్లో మ్యాప్‌ని నమ్మినవాడి గతి ఏమిటో అరగంటలో తెలిసింది. ఒకే గోడ దగ్గరికి మూడుసార్లు వచ్చాం. ఆ గోడకి ఆనుకుని పడుకున్న ఎద్దు మూడోసారి లేచి నిలబడింది. పిన్ని సూట్‌కేసు మీద కూర్చుని "ఇక నేను రాను, ఇక్కడే మోక్షం" అంది.

ఎదురుగా అరుగు మీద పూసలు గుచ్చుకుంటున్న కుర్రాడు తలెత్తకుండానే, "కేదార్‌ఘాట్ అటు అమ్మా. రైట్ తిరిగి, మళ్ళీ రైట్" అన్నాడు, శుభ్రమైన తెలుగులో. వాడిది ఆ ఊరే. తెలుగువాళ్ళకి పూసలమ్మీ అమ్మీ వచ్చేసిందట. నిజంగానే ఆ చుట్టుపక్కల ఎటు చూసినా మన అక్షరాలే. ఆంధ్రా భోజనం, తెలుగు పురోహితులు, గదులు అద్దెకు ఇవ్వబడును. రాత్రి నూట ఇరవై రూపాయలకి టమాటా పప్పు, చారు, అప్పడం. "ఇంత దూరం వచ్చి టమాటా పప్పేంటే అక్కా" అని గొణుగుతూనే పిన్ని మారు వడ్డించుకుంది.

డిసెంబరు 5, గురువారం: కాశీ

తెల్లవారుజామున అయిదింటికే వారాహి గుడి. ఆ గుడి తెల్లవారి కొన్ని గంటలు మాత్రమే తెరుస్తారు. అమ్మవారు నేలమాళిగలో ఉంటుంది. మనం పైన, చలికి నాపరాళ్ళు కాళ్ళు కొరికేస్తుంటే వరసలో కదలాలి. నేలలో రెండు కంతలుంటాయి. ఒకదాంట్లోంచి వంగి చూస్తే ముఖం, రెండోదాంట్లోంచి పాదాలు. మోకాళ్ళ నొప్పితో అమ్మ వంగలేక మొత్తంగా నేలమీద కూర్చుండిపోయింది. వెనక ఉన్న తమిళ ముసలాయన తోసుకోకుండా, ఆవిడ తనివితీరా చూసి లేచేదాకా చేతులు అడ్డం పెట్టి లైను ఆపాడు. కాశీలో నేను చూసిన పెద్ద మర్యాద అదే.

విశ్వనాథుడి దగ్గర ఆ అదృష్టం లేదు. ఫోన్లు లోపలికి రానివ్వరు. లాకర్ ఉచితం అని పిలిచిన పూజ సామాన్ల కొట్టతను, లాకర్‌లో ఫోన్లు పెట్టాక రెండు వందల యాభై రూపాయల బుట్ట చేతిలో పెట్టాడు. బేరమాడి నూట యాభైకి తెచ్చింది పిన్ని. లోపల మూడు సెకన్ల దర్శనం. ఇప్పుడున్న గుడి 1780లో ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించినది. చుట్టూ ఉన్న విశాలమైన ప్రాంగణం మాత్రం 2021 డిసెంబరులో తెరిచారు. పిన్ని అక్కడ నిలబడి "ఇక్కడ గాజుల కొట్టు ఉండాలే, ఇక్కడ లస్సీ బండి ఉండాలే" అని గాల్లో వేలుపెట్టి చూపిస్తూనే ఉంది. గుడి మెట్ల మీంచి గంగ కనబడటం బాగుంది, కాదనను. కానీ సందులో ఒరుసుకుంటూ, ఆవుని తప్పించుకుంటూ వచ్చి చటుక్కున స్వామి ముందు నిలబడే ఆ ఉక్కిరిబిక్కిరి ఇక లేదు. నాకు అది కావాలనిపించింది. అమ్మకి ఇదే నచ్చింది, కూర్చోడానికి చోటుందని.

ఆ ప్రాంగణంలోనే ఒక చిన్న అన్నపూర్ణ విగ్రహం ఉంది. నూరేళ్ళకి పైగా కెనడాలో ఉండి, రెజీనా అనే ఊళ్ళో విశ్వవిద్యాలయం గ్యాలరీ నుంచి 2021 నవంబరులో తిరిగొచ్చింది. "అంత చలిదేశంలో పాపం, గిన్నె పట్టుకుని" అంది అమ్మ.

తిండి సంగతి చెప్పాలి. పొద్దున కచోడీ, ఆలూ కూర, జిలేబీ. విస్తరాకు దొన్నెలో నాలుగు కచోడీలు నలభై రూపాయలు. చలికాలంలోనే దొరికే మలయ్యో అనే పదార్థం మట్టి పిడతలో పోసిచ్చాడు. పాల నురుగు, లేత పసుపు రంగు, కుంకుమపువ్వు వాసన. రాత్రంతా మంచులో పెట్టిన పాలని తెల్లారేలోగా చిలికి నురుగు తీస్తారట. చెంచాతో నోట్లో పెట్టుకుంటే నాలుక మీద ఏమీ మిగల్లేదు, తీపి తప్ప. అమ్మ పిడత ఖాళీ చేసి లోపలికి తొంగి చూసి, "యాభై రూపాయలు పెట్టి ఏం తిన్నట్టురా మనం?" అంది. పిన్ని ఇంకోటి అడిగింది.

సాయంత్రం మనిషికి రెండు వందల చొప్పున పడవ ఎక్కాం. మణికర్ణిక దగ్గరికి రాగానే పడవతను తెడ్డు ఆపి, ఫోన్లు లోపల పెట్టెయ్యమన్నాడు. ఏడో ఎనిమిదో చితులు కాలుతున్నాయి. కట్టెలు తూచే పెద్ద కాటా పైన లైటు వెలుగులో కనబడుతోంది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. నాన్న అస్థికలు మేం కృష్ణలోనే కలిపాం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం "కృష్ణ కూడా తక్కువేం కాదులే" అంది, ఎవరో కాదన్నట్టు.

డిసెంబరు 6, శుక్రవారం: సారనాథ్

తప్పు పూర్తిగా నాదే. సారనాథ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నాలుగు సింహాల స్తంభశీర్షం కోసమే ఇంత దూరం వచ్చి, గేటుకి వేసిన తాళం చూసి వెనుదిరిగాను. 1905 తవ్వకాల్లో బయటపడి, 1950 జనవరి 26న దేశానికి రాజముద్ర అయిన ఆ రాయి గోడకి అవతల యాభై గజాల్లో ఉంది. అమ్మ పర్సులోంచి పది రూపాయల నోటు తీసి "ఇదిగో, చూసుకో" అంది.

తవ్వకాల ఆవరణ మాత్రం తెరిచే ఉంది. సింహాలు కూర్చున్న అశోకుడి స్తంభం మొదలు విరిగిన ముక్కలుగా అక్కడే నిలబడి ఉంది. దాని పక్కన ఒక గుండ్రటి ఇటుకల పునాది. అది ధర్మరాజిక స్తూపం, అంటే దాని మిగులు. 1794లో కాశీలో కట్టడానికి ఇటుకలు కావాలని జగత్‌సింగ్ అనే ఆయన మనుషులు దాన్ని పీకేశారు. లోపల దొరికిన అస్థికల్ని గంగలో కలిపేశారు. పిన్నికి ఇందులో తప్పేం కనబడలేదు. "అస్థికలు దొరికితే గంగలో కాక ఎక్కడ కలుపుతారు?" అంది. నేను వాదించబోయి ఆగిపోయాను. ఆవిడ లెక్కలో అది గౌరవమే.

అయినా అమరావతి వాళ్ళం, మనకి ఈ కథ కొత్తేం కాదు. సారనాథ్‌లో పీకిన మూడేళ్ళకే, 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకెంజీ అమరావతి దిబ్బ చూడటానికి వచ్చేసరికి అక్కడా రాళ్ళు కట్టడాలకి తరలిపోతున్నాయి. అమ్మ చిన్నప్పుడు చూసింది ఆ మిగిలిన మట్టి దిబ్బనే.

ధమేక్ స్తూపం చుట్టూ తెల్లబట్టల సింహళ యాత్రికులు ప్రదక్షిణ చేస్తున్నారు. బుద్ధుడు మొదటి ఉపదేశం చేసింది ఇక్కడే. దూరం నుంచి అది బోర్లించిన పెద్ద గాదెలా ఉంటుంది. దగ్గరికెళ్తే కింది వరస రాళ్ళ మీద తీగలు, పువ్వులు, ముగ్గుల్లాంటి చెక్కడం. అమ్మ వేలితో ఒక మెలిక వెంట పోయి, "ఇది మన మెలికల ముగ్గేరా, చుక్కలు చెరిపేశారు అంతే" అంది. పక్కనే 1931లో శ్రీలంక బౌద్ధ ప్రచారకుడు ధర్మపాల కట్టించిన మూలగంధకుటి విహారం. లోపలి గోడల మీద కొసెత్సు నోసు అనే జపాన్ చిత్రకారుడు గీసిన బుద్ధుడి కథ.

బయట ముప్పై రూపాయలకి నాలుగు జామకాయలు కోసి, నల్ల ఉప్పు చల్లి ఇచ్చాడు. సింహాల బాధ అక్కడితో సగం తగ్గింది.

ఒక విషయం ఆ రాత్రి తట్టింది. బుద్ధుడు బోధ్‌గయలో జ్ఞానం పొంది, అక్కడి నుంచి సారనాథ్‌కి నడిచొచ్చాడు. మేం ముందు ఉపదేశం చూసేసి, ఆ తర్వాత జ్ఞానం కోసం వెళ్తున్నాం.

డిసెంబరు 7, 8: గయ

గయ స్టేషన్లో కాలు పెట్టగానే ఒకాయన మా ఇంటిపేరు అడిగాడు. "మీ తాతగారు మా తాతగారి దగ్గరే పిండం పెట్టారు" అన్నాడు. మా తాత గుంటూరు జిల్లా దాటి వెళ్ళిన మనిషి కాదు. ముందే మాట్లాడుకున్న తెలుగు పంతులుగారి నంబరుకి ఫోన్ చేస్తేగానీ ఆయన మమ్మల్ని వదల్లేదు.

ఆదివారం పొద్దున అయిదింటికి ఫల్గు నదికి వెళ్ళాం. సీతమ్మ శాపం వల్ల ఈ నది ఇసుక కింద పారుతుందని కదా కథ. దశరథుడికి సీత ఇసుకతో పిండం పెట్టింది. రాముడు నమ్మకపోతే సాక్ష్యం చెప్పమని అడిగింది. ఫల్గు అబద్ధమాడింది, మర్రి ఒక్కటే నిజం చెప్పింది. 2003లో పిన్ని వాళ్ళు చేత్తో ఇసుక తోడి చెలమ తీసి ఆ నీళ్ళతోనే తర్పణం వదిలారట. ఇప్పుడు ఘాట్ దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయి. 2022లో రబ్బరు డ్యాం కట్టారు.

"సీతమ్మ శాపానికి కూడా డ్యాం కట్టారన్నమాట" అంది అమ్మ. మెచ్చుకుందో దెప్పిందో తెలీలేదు.

విష్ణుపాదం గుడి నల్లరాతి కట్టడం. 1787లో దీన్నీ అహల్యాబాయే కట్టించింది. ఆవిడ కాశీలోనూ గయలోనూ మా ముందు నడుస్తున్నట్టే ఉంది. గుడి పక్క మండపంలో విస్తళ్ళు పరుచుకుని పాతిక కుటుంబాలు. బియ్యప్పిండి, నల్ల నువ్వులు, తేనె కలిపి ఉండలు చెయ్యాలి. గయలో ఎవరి పేరునైనా పిండం పెట్టొచ్చు, రక్తసంబంధమే అక్కర్లేదు. ఈ సంగతి తెలిసి అమ్మ పాత డైరీలో లిస్టు రాసుకొచ్చింది. మొత్తం నలభై మూడు పేర్లు. తాతలు, ముత్తాతలు, పెళ్ళికాకుండా పోయిన మేనత్త, పురిట్లోనే పోయిన నా అన్న, ఎదురింటి టీచరుగారు, మాకు ముప్పై ఏళ్ళు పాలు పోసిన ఆయన. చివర్న పెన్సిల్‌తో 'మేడ మీద పెద్దాయన' అని ఉంది. 2006లో అద్దెకున్న టిబెటన్లలో ముసలాయన. తర్వాత పోయారని వాళ్ళ పిల్లలెవరో ఫోన్ చేసి చెప్పారట.

పంతులుగారు ఆగి, "గోత్రం?" అన్నారు.

"నాకేం తెలుసండీ. ఎప్పుడూ నవ్వేవాడు" అంది అమ్మ.

ఆయన ఒక్క క్షణం చూసి, గోత్రం తెలియనివాళ్ళకి చెప్పే మంత్రం చెప్పి ఉండ పెట్టించారు.

మా పక్క విస్తరి నరసాపురం నుంచి వచ్చినాయనది. అరవై దాటిన మనిషి, తల్లికి మాతృషోడశి పెడుతున్నాడు. తల్లికి విడిగా పదహారు పిండాలు. ఒక్కో పిండానికీ ఒక్కో శ్లోకం, ఒక్కో శ్లోకంలో ఆవిడ పడ్డ ఒక్కో కష్టం. మోస్తూ ఎత్తుపల్లాలు నడిచిన కష్టం, నొప్పుల కష్టం, బిడ్డకి జబ్బు చేస్తే తాను చేదు మందు మింగిన కష్టం, తడిసిన పక్కలో తాను పడుకుని పొడి వైపు బిడ్డని జరిపిన కష్టం. ప్రతిదాని చివరా "మాతృపిండం దదామ్యహమ్". పంతులుగారు అర్థం తెలుగులో చెప్తూ పోయారు. ఆరో పిండం దగ్గర నరసాపురం ఆయన చేతిలో ఉండ ఆగిపోయింది. ఏడుపు ఆపుకోవడానికి కండువా నోట్లో కుక్కుకున్నాడు. మండపంలో మా చుట్టుపక్కల మగవాళ్ళెవరూ తలెత్తలేదు.

అమ్మ నా వెనకే పీట మీద కూర్చుని అన్నీ వింది. తల్లి బతికున్నవాడికి ఇది ఉండదు కాబట్టి నాకు పని లేదు. మెల్లగా ముందుకి వంగి, "నాకు పెట్టేటప్పుడు ఈయన్నే పిలిపించు. ఉచ్చారణ బాగుంది" అంది.

అక్షయవటం దగ్గర చివరి పిండం. సీత తరఫున నిజం చెప్పిన మర్రి ఇదే. ఇక్కడ ఒక కాయ, ఒక పండు జన్మకి వదిలెయ్యాలి. మనవాళ్ళలో చాలామంది కాశీలో వదిలామంటారు, గయలోనే వదలాలని పంతులుగారి మాట. నేను పొట్లకాయ అన్నాను.

"పొట్లకాయ నీకెప్పుడు ఇష్టంరా? చిన్నప్పుడు కిటికీలోంచి పారేసేవాడివి. ఇష్టమైంది వదలాలి" అని అందరి ముందూ దులిపేసింది. బెండకాయ, సపోటా వదిలాను. పిన్ని అప్పుడే ఒక నిజం ఒప్పుకుంది. 2003లో తెలివిగా కాకరకాయ వదిలేసిందట. ఇప్పుడు షుగరు వచ్చి, డాక్టరు రోజూ కాకరకాయ తినమంటున్నాడు.

అమ్మ వంతు వచ్చింది. సీతాఫలం అంది. కాయ దగ్గర కాసేపు ఆగింది. "వంకాయ" అంది. నాన్నకి బజార్లో బేరమాడి తేవడం వచ్చిన కూర అదొక్కటే. వారానికి రెండుసార్లు తెచ్చేవాడు, ఇంట్లో ఉన్నా తెచ్చేవాడు.

చివర్న గయావళీ పండా, అంటే గయ స్థానిక పురోహితుడు, వచ్చి 'సుఫలం' అని వీపు తట్టాలి. ఆ మాట అంటేనే శ్రాద్ధం పూర్తయినట్టు. ఆ ఒక్క మాటకీ గోదానం, భూదానం, స్వర్ణదానం అని అయిదు వేలలో మొదలైంది. నేను మొహమాటపడుతుంటే అమ్మ లేచి, పదకొండు వందల పదహార్లు చేతిలో పెట్టి, "మా ఆయన కూడా ఇంతకంటే ఇవ్వనిచ్చేవాడు కాదండీ" అంది. పంతులుగారు దాన్ని హిందీలో చెప్పారు. పండా నవ్వేసి సుఫలం అనేశాడు.

సాయంత్రం టేకారీ రోడ్డులో తిల్కుట్ కొట్లు. నువ్వులూ బెల్లమూ కలిపి కర్రలతో దంచుతుంటే వీధంతా ఒకే చప్పుడు, ఒకే వాసన. మన నువ్వుల జీడిలా సాగదు, నోట్లో పెట్టుకోగానే పొడి అయిపోతుంది. సంక్రాంతికని కిలో కొన్నాం. ఇంటికి చేరింది పావు కిలో.

డిసెంబరు 9, సోమవారం: బోధ్‌గయ

పన్నెండు కిలోమీటర్లు, ఇంకో లోకం. బర్మా, థాయ్, జపాన్, భూటాన్, ఒక్కో దేశానికి ఒక్కో గుడి. మహాబోధి ఆలయంలోకి ఫోన్లు రానివ్వరు. 2013లో బాంబులు పేలాక ఈ కట్టుదిట్టం. దాదాపు 55 మీటర్ల గోపురం, దాని వెనక రావిచెట్టు. పాత చెట్టు 1876లో పడిపోతే, దాని మొక్కనే 1881లో పురావస్తు శాఖ కనింగ్‌హామ్ నాటించాడు. డిసెంబరు మొదట్లో అక్కడ పది రోజులు బౌద్ధ గ్రంథాలైన త్రిపిటకాల పారాయణం జరుగుతుంది. చెట్టు చుట్టూ దేశానికో గుంపు, తెలుపు, పసుపు, మెరూన్, ఒకే పాఠం నాలుగైదు యాసల్లో వినబడుతోంది.

అందరూ కళ్ళు మూసుకుని ఉన్నట్టే ఉంటారు. కానీ ఒక్క ఆకు రాలితే చాలు. పైనుంచి గింగిరాలు తిరుగుతూ ఒకటి దిగుతోంది. ఒక థాయ్ భిక్షువు కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపాడు, ఇద్దరు పిల్లలు పరిగెత్తారు, వాళ్ళందరికంటే ముందు మా పిన్ని. కంచె పక్కన పడిన ఆకుని కొంగుతో కప్పేసింది. లేచి చూస్తే భిక్షువు నవ్వుతున్నాడు. పిన్ని సిగ్గుపడి ఆకు ఆయనకివ్వబోయింది. ఆయన వద్దని తలూపి ఆవిడకే నమస్కారం పెట్టాడు.

"ఇది ఎవరి గుడిరా అసలు?" అని అడిగింది అమ్మ. ఆ ప్రశ్న కోర్టుల్లో, వీధుల్లో నూరేళ్ళకి పైగా నడుస్తున్నదే. శతాబ్దాలుగా శైవ మఠం మహంతుల చేతుల్లో ఉన్న గుడి కోసం ధర్మపాల 1891 నుంచి పోరాడాడు. చివరికి 1949 చట్టంతో హిందువులూ బౌద్ధులూ చెరిసగం ఉండే కమిటీ చేతికి వచ్చింది. మొత్తం బౌద్ధులకే ఇవ్వాలన్న పోరు ఇప్పటికీ ఆగలేదు. నా మటుకు నాకు వాళ్ళు అడిగేదాంట్లో న్యాయం ఉందనిపించింది, అమ్మతో మాత్రం అనలేదు. ఆవిడ అప్పటికే చెట్టుకి తొమ్మిది ప్రదక్షిణలు చేసేసింది. శనివారం మా వీధి రావిచెట్టుకి చేసినట్టే.

మధ్యాహ్నం టిబెటన్ల డేరా హోటల్లో తుక్పా. వంద రూపాయల గిన్నెలో నూడుల్స్, ఆకుకూర, వేడి రసం. అమ్మ దానికి సేమ్యా చారని పేరు పెట్టి, ఆవకాయ సీసా తీసింది. పక్క బల్ల దగ్గర నడివయసు లామా ఆ సీసా వంక చూసి, "ఆంధ్రా?" అన్నాడు. కర్ణాటకలో బైలకుప్పె టిబెటన్ మఠం ఆయనది. 2006లో అమరావతి వచ్చాడట. "చాలా ఎండ, చాలా మంచి మజ్జిగ" అన్నాడు హిందీలో. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆవకాయ అరచెంచా ఆయన గిన్నెలో వేసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి కానీ వదల్లేదు.

సాయంత్రం సుజాత స్తూపానికని టోటో మాట్లాడితే, ఊరంతా తిప్పి ఒక చిన్న గుడి దగ్గర దింపాడు. లోపల పాయసం గిన్నె పట్టుకున్న సుజాత బొమ్మ. స్తూపం ఇది కాదంటే, సుజాతే కదా అన్నాడు. అసలు ఇటుకల స్తూపం బక్రౌర్‌లో, వెనక్కి కిలోమీటరు పైనే. చీకటి పడకుండా చూద్దామని నిరంజనా నది వంతెన మీద ఆపించాం. నీళ్ళు లేవు. ఇసుక, మధ్యలో రెండు పాయలు, అవతల కొండలు.

"ఈ నది ఎటు పోతుంది బాబూ?" అని అమ్మ నా చేత అడిగించింది.

"గయకే. కింద మోహనాతో కలిస్తే అదే ఫల్గు" అన్నాడు టోటో అతను, ఇది కూడా తెలీదా అన్నట్టు.

ఆరేళ్ళు ఎండిపోయిన ఒళ్ళుతో బుద్ధుడు స్నానం చేసిన నదీ, నిన్న మేం నలభై మూడు పేర్లు వదిలిన నదీ ఒకటే. నేను చదువుకునే వచ్చాను, అయినా అక్కడ నిలబడేదాకా తట్టలేదు. అమ్మ కిందికి దిగుతానంది. చెయ్యి పట్టుకుని దింపాను. వంగి ఇసుకలో చెయ్యి పెట్టి కొంచెం తోడింది. జానెడు లోతులో తడి తగిలింది. గుంటలోకి నీళ్ళు ఊరేదాకా అక్కడే కూర్చుంది.

డిసెంబరు 10, మంగళవారం: రాజగిర్

రాజగిర్ పాత పేరు గిరివ్రజం. మాకు ఆ పేరంటే జరాసంధుడు. భీముడు కుస్తీ పట్టిన గోదా అంటూ ఒక చోటు నిజంగానే చూపిస్తారు. మేం మాట్లాడుకున్న జట్కాబండి ఎనిమిది వందలు. పిన్ని దారి పొడుగునా, కృష్ణుడు గడ్డిపోచ చీల్చి తిప్పి పారేసిన కథ గుర్రం తోలేవాడికి తెలుగులో చెప్పింది. వాడు తలూపుతూనే ఉన్నాడు.

రత్నగిరి మీద 1969లో జపాన్ భిక్షువులు కట్టిన తెల్లటి శాంతి స్తూపం ఉంది. పాత రోప్‌వేలో ఒక్కో కుర్చీకి ఒక్కరే కూర్చోవాలి, కుర్చీ ఆగదు, మనమే అందుకోవాలి. అమ్మ ససేమిరా అంది. కొత్తగా వేసిన కేబిన్లలో వెళ్ళాం. కిందికి దిగే దారిలో గృధ్రకూటం, బుద్ధుడు కూర్చుని ఉపదేశాలు చెప్పిన బండ. గద్ద ముక్కులా ఉందంటారు, నాకు ఏ కోణంలోంచి చూసినా కనబడలేదు. బ్రహ్మకుండం వేడినీళ్ళలో కిక్కిరిసిన జనం. అమ్మ మోకాళ్ళ వరకు దిగి పావుగంట ఉండి, "ఇంత చలిలో ఊరికే వేడినీళ్ళు. జరాసంధుడు ఊరు మంచిదే చూసుకున్నాడు" అంది.

డిసెంబరు 11, బుధవారం: నలందా

దారిలో సిలావ్ దగ్గర ఖాజా. మన కాకినాడ కాజాలా లోపల పాకం ఉండదు, పొరలు పొరలుగా, వేలితో నొక్కితే ఫెళ్ళున విరుగుతుంది. కాకినాడే గొప్పదని పిన్ని తీర్పు. నా ఓటు సిలావ్‌కి. ఎవరికీ చెప్పకండి.

నలందాలో ఎర్ర ఇటుకల గోడలు, వరసగా విహారాలు. ఒక్కో దానిలో నడుమ వాకిలి, చుట్టూ చిన్న గదులు. ఏడో శతాబ్దంలో చైనా నుంచి హ్యూయన్‌త్సాంగ్ వచ్చి ఇక్కడే చదువుకున్నాడు. తర్వాత దక్షిణానికి వచ్చి మన ధాన్యకటకమూ చూశాడు. అంటే అమ్మ వాళ్ళ ఊరే. నేను ఈ గొప్ప చెబుతుంటే అమ్మ గదులు లెక్కపెడుతోంది.

"హాస్టలే కదరా ఇది. ఇంతమందికి వంటెక్కడ?"

నూరు ఊళ్ళ రాబడి వీళ్ళ తిండికి ఇచ్చారని చదివాను కానీ వంట ఎక్కడో నాకు తెలీదు. ఆవిడే వెతికింది. ఒక విహారం వాకిట్లో ఇటుకల పొయ్యి, పక్కపక్కనే రెండు నోళ్ళతో. వంగి లోపల చెయ్యి పెట్టి చూసి, "గాలి కంత ఇటుంది, అయితే గాడ్పు ఇటు నుంచి కొట్టేది" అంది. కాపలా అతను ఈల వేసేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

డిసెంబరు 15, ఆదివారం: ఇల్లు

కాశీ సమారాధన. అరవై మందికి కాశీ దారాలు, తలో తిల్కుట్ ముక్క. పిన్ని రావి ఆకు పుస్తకంలో పెట్టి అందరికీ చూపించింది, ముట్టుకోనివ్వలేదు. వంటాయన మా నాన్నకి బాగా తెలిసినవాడు. చెప్పకుండానే గుత్తివంకాయ చేశాడు. అమ్మ విస్తరి దగ్గరికి గరిటెతో వచ్చాడు. అమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యగారికి ప్రాణం కదమ్మా ఇది" అన్నాడు.

"ఆయనకే ఇచ్చేశాలే. చారు పొయ్యి" అంది అమ్మ.